రెండో చీర ఏం పాపం చేసింది

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు ఫోనుతో దెబ్బలాడుతూ కూర్చుంది. పదో తరగతి పిల్ల. లెక్క చేసి జవాబు కొడితే ఫోను తప్పంటోంది, మళ్లీ చేసి కొడితే మళ్లీ తప్పంటోంది. ఎందుకు తప్పో మాత్రం చెప్పడం లేదు. పిల్ల ముఖం కందగడ్డ అయింది. "నాకు లెక్కలు రావవ్వా, అంతే" అని నోట్సు తెచ్చి నా ఒళ్లో పడేసింది.

కళ్లజోడు వెతుక్కుని చూశాను. రెండు సమీకరణాలు, తెలియని సంఖ్యలు రెండు. ప్రతిక్షేపణ పద్ధతి అని పైన రాసి కింద రెండు గీతలు గీసుకుంది. పేరు పెద్దదే గానీ పని చిన్నదే. తెలియనివి రెండు ఉన్నప్పుడు ఒకదాన్ని రెండోదాని లెక్కలో చెప్పుకుని, దాని చోట దీన్ని పెట్టడం. మూడో వరుస దగ్గర నా వేలు ఆగింది. బ్రాకెట్టు బయట రెండు ఉంది, లోపల రెండు ముక్కలున్నాయి. పిల్ల మొదటి ముక్కను రెండుతో హెచ్చవేసి, రెండో ముక్కను అలాగే వదిలేసింది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఎక్కడి నుంచో గంజి వాసన కూడా వచ్చింది. సరిగ్గా ఈ వయసులో, సరిగ్గా ఇదే తప్పు చేసి, మా నాయనను మండుటెండలో బస్సెక్కించాను నేను.

మాది మగ్గాల ఊరు. వీధికి రెండు వైపులా ఇళ్లు, ప్రతి ఇంటి ముందు గదిలో నేలలో గుంట, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం. పొద్దున్నే పడుగులు, అంటే చీర నిలువు పోగులు, వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించేవాళ్లు. పులిసిన గంజి, కాలుతున్న జొన్నరొట్టె, రంగు బానల ఘాటు, ఈ మూడూ కలిసి ముక్కుకు తగిలితే కళ్లు మూసుకుని కూడా అది మా వీధేనని చెప్పవచ్చు. పొద్దెక్కాక మగ్గాల చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడు మీద వినపడాలని అందరం అరుచుకుంటూ మాట్లాడేవాళ్లం. ఇప్పటికీ మా కోడలు "అత్తా, పక్కింటోళ్లకు చెప్పాల్నా ఏంది" అంటుంది.

మా ఇంట్లో మగ్గం గుంటలో నాయన, చిన్న కండెలకు నూలు చుట్టే రాట్నం దగ్గర అవ్వ, పొయ్యి దగ్గర అమ్మ, ఎక్కడా కుదురుగా కూర్చోని నేను. తాత అంతకుముందు దసరా వెళ్లాక పోయాడు. పోతూ పోతూ ఒక విద్య కూడా తనతోనే తీసుకుపోయాడు. ఏ చీరకు ఎంత నూలు పడుతుందో ఆయన ఒక్కడికే తెలుసు.

ఇక్కడ మా ఇంటి కట్టడి ఒకటి చెప్పాలి. రంగు వేసి ఆరబెట్టిన నూలు చుట్టలను చిలపలు అంటాం. ఇంట్లో ఎన్ని చిలపలున్నాయో ఎంచవచ్చు. నాలుగైదు చీరలకు కలిపి ఇన్ని పట్టాయని చెప్పుకోవచ్చు. అంతే గానీ ఒక్క చీర ఇన్ని చిలపలు తిన్నదని మాత్రం నోటితో అనకూడదు. ఎందుకనకూడదని అడిగితే అవ్వ నావైపు ఎగాదిగా చూసి, "నువ్వు తినే ముద్దలు నేను ఎంచుతాండానా? ఇదీ అంతే" అనేది. నేను రెండో రొట్టె అడిగినప్పుడల్లా అమ్మ ఎంచుతూనే ఉండేది, అది వేరే సంగతి. తాత ఈ కట్టడిని ఎంత నిష్ఠగా పాటించాడంటే, కన్నకొడుక్కి కూడా లెక్క చెప్పకుండానే వెళ్లిపోయాడు.

మా ఊరికి ఆరేడు మైళ్ల దూరంలో, కొండ కింద ఒక పల్లె ఉంది. అక్కడ ఎండాకాలంలో అమ్మవారి జాతర. ఏడిళ్ల ఆడవాళ్లు కలశాలు ఎత్తుకుని వరసగా నడుస్తారు. ఏడుగురికీ పసుపుపచ్చ చీరలు, వాటికి ఎర్రంచు, ఎర్రకొంగు. మూడు పెద్దిళ్ల వాళ్లకు పెద్దంచు, నాలుగు చిన్నిళ్ల వాళ్లకు సన్నంచు. ఆ చీరలు మా ఇంట్లోనే నేయాలి. ఎప్పటి నుంచి అంటే తాతకు కూడా తెలియదు.

జాతరకు నెలన్నర ముందు ఆ పల్లె పెద్దలు ఇత్తడి పళ్లెంలో ఆకువక్క పంపేవాళ్లు. ఆకులు వాడిపోయేలోపల మనం మాట చెప్పాలి. నేస్తామంటే ఇంటి యజమాని అందులోంచి ఒక ఆకు నమలాలి. నేయలేమంటే పళ్లెం తనే మోసుకెళ్లి ఇచ్చి రావాలి. ఒకసారి వెనక్కి వచ్చిన పళ్లెం మళ్లీ ఆ గడప తొక్కదు, వేరే ఇంటికి పోతుంది. మా ఇంటి నుంచి పళ్లెం ఎన్నడూ వెనక్కి పోలేదు.

ఆ ఏడు పళ్లెం ఒక సాయంత్రం వచ్చింది. తెచ్చినాయన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. నాయన పళ్లెం ముందు కూర్చుని ఆకు ముట్టుకోలేదు.

సంగతేమిటంటే, ఎరుపు. మా వీధి చివర రంగులు వేసే ముసలి సాయిబు ఉండేవాడు. మేమంతా రంగుల తాత అనేవాళ్లం. ఆయన చేతి ఎరుపు దానిమ్మ గింజలా ఉండేది. అయితే అందులో సగం గొప్ప ఆయన పెరటి బావి నీళ్లది. వరసగా రెండేళ్లు వాన లేక ఆ బావి ఎండిపోయింది. బోరు నీళ్లతో వేస్తే ఎరుపు ఇటుకరాయి రంగుకు తిరుగుతోంది. బావి ఎండకముందు వేసిన ఎర్రచిలపలు మా దండెం మీద ఉన్నాయి. అవి అయిపోతే ఆ ఎరుపు ఇక దొరకదు.

మర్నాడు పొద్దున నాయన ఆయన్ను పిలిపించి అడిగాడు.

"ఏం తాతా, రొంత తక్కువపడితే కలిపి ఇస్తావా?"

"ఝూట్ చెప్పను నాయనా" అన్నాడు రంగుల తాత. "ఈ బోరు నీళ్లు ఉప్పు కసర. నేను ఏసినా అది నా రంగు కాదు. ఉన్నదాంతోనే కానిచ్చుకో. చాలవంటే ఒప్పుకోవద్దు."

నాయన దండెం మీది చిలపలు రెండుసార్లు ఎంచాడు. నలభై ఐదు.

"చాలతాయేమో నేస్తే పోలా?" అంది అమ్మ.

"ఏడో చీర కొంగుకొచ్చినాక అయిపోతేనో?" అన్నాడు నాయన. "ఆరుగురికి ఒక ఎరుపు, ఒకామెకు ఇటికరాయి. ఆ ఇంట్లో దూడ చచ్చినా మన నెత్తినే ఏస్తారు. మా నాయన ఉంటే ఇట్ల చూసి అట్ల చెప్పేటోడు. నాకు తెలీదు గదా."

మా నాయన నోట తెలీదు అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. ఆ పళ్లెంలోని ఆకులు అప్పటికే అంచుల్లో ముడుచుకుంటున్నాయి. నాయన అటు తిరిగినప్పుడు నేను కుండలో చెయ్యి ముంచి ఆకుల మీద నీళ్లు చిలకరించాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

పెసరపప్పు, రొట్టె తింటున్నప్పుడు అవ్వ నెమ్మదిగా మాట తీసింది.

"పోయినేడు రెండిళ్లకు మైల వచ్చి అయిదు చీరలే నేస్తిమి గదా. రెండు పెద్దంచులు, మూడు సన్నంచులు. అన్నిటికీ కలిపి ముప్పై ఎర్రచిలపలు నా చేత్తో కండెలకు చుట్టినా. అది జ్ఞాపకం ఉండాది."

"ఒక్కోదానికి ఎన్ని?" అన్నాడు నాయన.

"అది నేను చెప్పగూడదు. చెప్పాలన్నా నాకు తెలీదు. మీ నాయన ఒక మాట మాత్రం అనేటోడు. సన్నంచు దానికంటే పెద్దంచుది అయిదు చిలపలు ఎక్కువ తింటాదంట."

నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. తెలియనివి రెండు. చెప్పిన మాటలు రెండు. ఆ వారమే మా లెక్కల సారు బోర్డు నిండా చేసి చూపించింది ఇదే. నేను ఆ సారు క్లాసులో కిటికీ బయట మేకలను ఎంచుతూ కూర్చునే రకం. మార్కులు కూడా ఆ మేకలకు తగ్గట్టే వచ్చేవి. అయినా ఆ ఒక్క పద్ధతీ ఎందుకో తలకెక్కింది. చెయ్యి కడుక్కుని, సుద్దముక్క తీసుకుని మగ్గం గదిలో నేల మీద కూర్చున్నాను.

పెద్దంచు చీరకు పె అని పెట్టుకున్నాను, సన్నంచుకు స. పె అంటే స, ఇంకో అయిదు. రెండు పె, మూడు స కలిపితే ముప్పై. ఇక పె చోట స, అయిదు కలిపి పెట్టేస్తే ఒక్క స మాత్రమే మిగులుతుంది. చకచకా రాశాను. అయిదు స లు, పైన ఒక అయిదు, మొత్తం ముప్పై. అంటే స అయిదు, పె పది. మూడు పెద్దంచులకు ముప్పై, నాలుగు సన్నంచులకు ఇరవై. ఎక్కడా భిన్నం రాలేదు, దశాంశం రాలేదు. ఇంత ముచ్చటగా వచ్చిన లెక్క తప్పెందుకవుతుంది? జవాబు వచ్చాక దాన్ని మళ్లీ మొదటి వరుసలో పెట్టి చూడమని సారు ప్రతిరోజూ మొత్తుకునేవాడు. అది తెలివితక్కువ వాళ్లకు చెప్పే మాటని నా నమ్మకం.

"నాయనా, చాలవు" అన్నాను. "యాభై కావాల. మనకు అయిదు తక్కువ."

నాయన వచ్చి నేల మీది రాతలు చూశాడు. ఆయన అయిదో తరగతి దాకానే చదివాడు. ఆ పె లు, స లు ఆయనకు ఏమర్థమయ్యాయో తెలియదు. కాసేపు చూసి, "చదువుకున్న పిల్ల చెప్తాంది, ఇంగేముండాది" అన్నాడు.

పళ్లెం మీద తడిగుడ్డ కప్పి మూట కట్టాడు. కడిగిన పంచె కట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, పల్లె బస్సుకు వేళైందని బయలుదేరాడు. గడప దాటేటప్పుడు ఒకసారి మగ్గం వైపు చూశాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు మొదట గర్వంగా ఉండింది, నేనే తేల్చానని. ఆయన అలా చూశాక ఆ గర్వం ఎటు పోయిందో తెలియదు. తేల్చకపోయినా బాగుండేదనిపించింది.

అవ్వ మాత్రం రాట్నం ఆపలేదు. కొంచెం సేపటికి, "ఏం గీకినావో నాకు రొంత చెప్పమ్మీ" అంది.

"నీకు అర్థం కాదులే అవ్వా."

"నీకైంది గదా, చెప్పు."

విసుక్కుంటూనే చింతగింజలు తెచ్చాను. తెలియని సన్నంచు చీరకు గుర్తుగా ఒక కండె పెట్టాను. "ఇది సన్నంచు. ఎంత తింటాదో తెలీదు. పెద్దంచు అంటే ఇదే కండె, పక్కన అయిదు గింజలు. అయిదు గింజలంటే అయిదు చిలపలు." అవ్వ తల ఊపింది. "పోయినేడు పెద్దంచులు రెండు. కాబట్టి రెండు కండెలు, అయిదు గింజలు. సన్నంచులు మూడు. మూడు కండెలు."

అవ్వ రాట్నం ఆగింది. ముందుకు వంగి ఆ రెండు కండెలనూ, ఒకే ఒక్క గింజల కుప్పనూ చూసింది.

"ఇదేందమ్మీ, ఈ మొదటి పెద్దంచుకు అయిదు గింజలు పెడితివి. రెండోదానికేవీ?"

"పెట్టినా గదా, అయిదు."

"అవి మొదటిదానివి. రెండో చీర ఏం పాపం చేసింది?"

నేను నేల మీది రాత చూశాను. బ్రాకెట్టు వేసి, బయట రెండు వేసి, లోపల ఉన్న స ను మాత్రం రెండు చేసి, అయిదును అలాగే దింపేశాను. ఇంకో అయిదు గింజలు పెట్టాను. అయిదు కండెలు, పది గింజలు, మొత్తం ముప్పై. పది తీసేస్తే ఇరవై. అయిదు కండెలకు ఇరవై. స నాలుగు. పె తొమ్మిది.

ఈసారి సారు మాట విన్నాను. రెండు తొమ్మిదులు, మూడు నాలుగులు, కలిపితే ముప్పై. సరిపోయింది. మూడు తొమ్మిదులు ఇరవై ఏడు, నాలుగు నాలుగులు పదహారు. నలభై మూడు. దండెం మీద నలభై ఐదు ఉన్నాయి.

"అవ్వా, పెద్దంచుది..." అని నోరు తెరిచానో లేదో, అవ్వ తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. "అనొద్దు. పో, మీ నాయనను పట్టుకో పో."

చెప్పులు కూడా వేసుకోలేదు. మిట్టమధ్యాహ్నం దాటిన ఎండ, కాళ్ల కింద దుమ్ము కాలుతోంది. గంజి పట్టించిన పడుగు ఒకటి దారికి అడ్డంగా ఉంటే దాని కింద దూరిపోయాను. ఎవరో తిట్టారు. బస్సు స్టాండులో లేదు, కదిలిపోయి సంత మలుపు దగ్గర ఎవరినో ఎక్కించుకుంటోంది. నేను చేతులు ఊపుతూ అరుచుకుంటూ పరుగెత్తాను. కిటికీ పక్కన నాయన కూర్చుని ఉన్నాడు, ఒళ్లో మూట.

"నాయనా, దిగు. తప్పు చేసినా. చాలతాయి."

"ఏం చాలతాయి?"

"చిలపలు. అయిదు ఒక్కసారే ఏసినా, రెండుసార్లు ఏయాల."

బస్సంతా మా వైపే చూస్తోంది. నాయన ముఖంలో నమ్మకం లేదు. ఉండడానికి నేనేం మిగిల్చాను గనక. "ఇందాక గూడా ఇట్లనే చెప్తివి" అన్నాడు. "పెద్దంచుకు ఎన్ని?"

నోటితో చెప్పకూడదు. కిటికీ కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తి, ఒక బొటనవేలు ముడిచి, తొమ్మిది వేళ్లు చూపించాను. తరవాత ఒక చెయ్యి దించి నాలుగు వేళ్లు. నాయన పెదవులు కదులుతున్నాయి. పోయినేటి రెండు పెద్దంచులు, మూడు సన్నంచులు. తన వేళ్ల కణుపుల మీద ఆయనా వేసుకుంటున్నాడు. ముప్పై దగ్గర ఆయన బొటనవేలు ఆగింది.

"ఏమప్పా, దిగుతావా, వస్తావా?" అన్నాడు కండక్టరు.

నాయన దిగాడు. బస్సు దుమ్ము మా మీద పోసి వెళ్లిపోయింది. పక్కనే ఉన్న కల్వర్టు మీద ఆయన కూలబడ్డాడు. నేను తిడతాడని చూస్తున్నాను. ఆయన మూట విప్పాడు. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఒక ఆకు తీసి, తువ్వాలుకు తుడిచి, వక్క పెట్టి నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలాడు. ఆయన భుజాలు కిందికి దిగడం నేను చూశాను. ఏడుపొచ్చింది, ఏడ్చేశాను.

"ఏంటికి ఏడుస్తావు? చాలతాయంటివి గదా" అన్నాడు. ఆపైన, "కాళ్లు కాలతాండాయా?" అని తన చెప్పులు విప్పి నా ముందు పెట్టాడు. వాటిలో నా పాదాలు సగం కూడా నిండలేదు. ఈడ్చుకుంటూ ఇంటికి నడిచాను, ఆయన పక్కన ఒట్టికాళ్లతో.

ఇంటికి వచ్చాక అవ్వ పళ్లెం చూసి నవ్వింది. "ఆకులు భలే నిలిచినాయే. నీళ్లు చల్లింది నువ్వొక్కదానివే అనుకుంటాండావా?" అంది. తరవాత గుప్పెడు ఉప్పు తీసి నాకూ, మగ్గానికీ కలిపి దిష్టి తీసింది. వేళ్లతో చూపించినా ఎంతో కొంత దోషం ఉంటుందని ఆమె లెక్క.

ఆ నెలన్నరా నాయన నేస్తూ ఉంటే దండెం మీద ఎరుపు తగ్గడం రోజూ చూసేదాన్ని. లెక్క సరైనదని తెలుసు, అయినా భయమే. ఏడో చీర కొంగు పూర్తయి మగ్గం మీద నుంచి కోసిన రోజున దండెం మీద రెండు చిలపలు మిగిలాయి. నాయన వాటిని తీయలేదు. వచ్చిన వాళ్లందరికీ కనిపించేలా అలాగే వేలాడనిచ్చాడు. రంగుల తాత వచ్చి వాటిని చేత్తో పట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. వెళ్లేటప్పుడు నాయన ఒకటి ఆయనకే ఇచ్చాడు.

జాతర రోజు పల్లె మొగదల నిలబడి చూశాం. ఏడుగురూ కలశాలు ఎత్తుకుని వరసగా వచ్చారు. ఎండలో ఏడు కొంగులూ ఒకే ఎరుపు. పక్కనున్న ముసలామె ఎవరో, "మీ ఇంటాయన చేతి నేత గదా" అంది అవ్వతో. అవ్వ ఆమె మాట సరిదిద్దలేదు. నాయన మాత్రం నా తల మీద చెయ్యి వేసి అక్కడే ఉంచాడు, వరస మొత్తం వెళ్లిపోయేదాకా.

తరవాత అన్నీ మామూలే. గుంటలు పూడ్చి బండలు పరిచారు. మా ముందు గదిలో ఇప్పుడెవరో ఫోన్లు బాగుచేస్తున్నారట. నేను అంగన్‌వాడీలో పనిచేసి, పిల్లలకు పప్పుండలు పంచుతూ ముసలిదాన్నయ్యాను. వరసలో చివరి పిల్లకు చిన్న ఉండ వచ్చినప్పుడల్లా రెండో చీర గురించి అవ్వ అన్న మాటే నోటికొచ్చేది. ఎవరికీ అర్థం కాకపోయినా ఆ పిల్లకు ఇంకో ఉండ దొరికేది.

ఇదంతా చెప్పేసరికి మా మనవరాలు ఫోను పక్కన పెట్టేసింది. నోట్సు లాక్కుని, తన లెక్క వదిలేసి, మా చీరల లెక్క వేసింది. బ్రాకెట్టు దగ్గర ఆగి నా ముఖం చూసింది. "రెండో చీరకు కూడా" అని తనలో తనే అనుకుని, పది అని రాసింది. మిగతాది క్షణంలో అయిపోయింది.

"వచ్చేసింది అవ్వా, పెద్దంచుకు..." అంది గట్టిగా.

నా అరచెయ్యి నాకు తెలియకుండానే దాని నోటికి అడ్డం పడింది. అది నా చెయ్యి తప్పించి నవ్వింది. "ఇప్పుడు మగ్గమే లేదు కదా. చెప్తే ఏమవుతుంది?"

ఏమీ కాదని నాకూ తెలుసు. దిష్టి తగలడానికి అక్కడ ఇంకేం మిగిలింది. "ముందు దాన్ని తిరిగి పెట్టి చూడు" అన్నాను. అది పెదవులు కదుపుతూ కణుపుల మీద వేసుకుంది, అచ్చం మా నాయన లాగా. ముప్పై దగ్గర బొటనవేలు ఆగింది. అప్పుడు నా వైపు తిరిగి, నోటితో అనకుండా, రెండు చేతులూ పైకెత్తి ఒక వేలు ముడిచింది.